కంప్యూటింగ్ చదవబోయే మైనారిటీ విద్యార్థులకు కంపెనీలిచ్చే స్కాలర్‌షిప్‌లు: అమెరికాలో ఇప్పుడు దరఖాస్తు ఎలా చేయించాలి?

వేపచెట్టు

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ, వారానికి రెండు ఉదయాలు ఒక ప్రభుత్వ హైస్కూలులో కంప్యూటర్ సైన్స్ టీచరుగారికి తోడుగా స్వచ్ఛందంగా పాఠం చెబుతున్నాను. ఈ ఏడాది పన్నెండో తరగతి పిల్లల్లో ముగ్గురు కాలేజీలో కంప్యూటర్ సైన్సే చదవాలని నిశ్చయించుకున్నారు. ఒకరు నల్లజాతి అమ్మాయి, ఒకరు ఇంట్లో స్పానిష్ మాట్లాడే అబ్బాయి, మూడో అమ్మాయి మా అక్క కూతురే. మా బావగారు హెచ్-1బీ మీద ఉన్నందువల్ల తనది హెచ్-4 వీసా.

నిరుడు రాసిపెట్టుకున్న స్కాలర్‌షిప్‌ల జాబితా తీసి చూస్తే, కొన్ని పథకాల నిబంధనల్లో ‘మైనారిటీ’ అన్న మాటే ఇప్పుడు కనిపించడం లేదు. ఒకటి రెండు పథకాలు పూర్తిగా మాయమయ్యాయి. నా సందేహాలు మూడు. ఈ పథకాలు ఆగిపోయాయా, లేక పేరు మార్చుకున్నాయా? మా ముగ్గురిలో ఎవరు దేనికి అర్హులు? దరఖాస్తుతో పాటు పంపే వ్యాసాలు రాయడంలో వాళ్లకు నేను ఎంతవరకు సాయం చేయవచ్చు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సెమికోలన్

వేపచెట్టు గారూ, మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత రాస్తాను. నేను న్యాయవాదిని కాను, ఒక కంపెనీ న్యాయవిభాగంలో పత్రాలు సిద్ధం చేసే ఉద్యోగంలో ఉన్నాను.

2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో, ప్రవేశాలకు జాతిని ఒక అంశంగా లెక్కలోకి తీసుకోవడం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు కాలేజీ సీట్ల గురించే తప్ప ప్రైవేటు కంపెనీల స్కాలర్‌షిప్‌ల గురించి కాదు. కానీ దాని తరువాత, 1866 నాటి పౌరహక్కుల చట్టంలోని 1981వ సెక్షన్‌ను ఆధారం చేసుకుని ప్రైవేటు పథకాల మీద వ్యాజ్యాలు మొదలయ్యాయి. అంతర్యుద్ధం ముగిశాక, బానిసత్వం నుంచి విముక్తులైనవారు కూడా తెల్లవారితో సమానంగా ఒప్పందాలు చేసుకోగలగాలని పుట్టిన చట్టమది. ఇప్పుడు అదే చట్టాన్ని చూపి, ఒక జాతివారికే ధనసహాయం ఇస్తామనడం కూడా ఒప్పందంలో వివక్షేనని వాదిస్తున్నారు. నల్లజాతి మహిళా వ్యాపారులకు అప్పట్లో గ్రాంట్లు ఇచ్చిన ఫియర్‌లెస్ ఫండ్ కేసులో, 2024 జూన్‌లో పదకొండవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఈ వాదన వైపే మొగ్గింది. ఇలాంటి వైవిధ్య కార్యక్రమాలకు వ్యతిరేకంగా 2025 జనవరిలో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వు కంపెనీల జంకును ఇంకా పెంచింది.

ఫలితంగా చాలా పథకాలు మూతపడకుండానే వేషం మార్చాయి. ‘ఈ వర్గంవారే దరఖాస్తు చేయాలి’ అన్నచోట ‘ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు’ అని రాసి, కుటుంబ ఆదాయం, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళుతున్నారా, చదివిన బడిలో ఏయే సదుపాయాలున్నాయి, తమ సమాజం కోసం ఏమి చేశారు అన్నవాటికి బరువు పెంచాయి. అందుచేత నిరుటి జాబితాను నమ్మకండి. ప్రతి పథకానికీ ఈ ఏటి నిబంధనల పేజీ తెరిచి, ‘అర్హత’ అన్న భాగాన్ని అక్షరం అక్షరం చదవండి.

పిల్లలకు ఇంకొక మాట తప్పక చెప్పాలి. జాతి గురించి వ్యాసంలో రాయకూడదని ఎవరూ నిషేధించలేదు. హార్వర్డ్ తీర్పులోనే ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్, తన జాతి తన జీవితం మీద ఎలాంటి ప్రభావం చూపిందో విద్యార్థి రాసుకుంటే విశ్వవిద్యాలయం దాన్ని పరిగణించవచ్చని, అయితే అది ఆ విద్యార్థి వ్యక్తిగత ధైర్యానికో సామర్థ్యానికో ముడిపడి ఉండాలని రాశారు.

బైనరీ బాబాయి

కొన్ని పేర్లు చెబుతాను. అర్హతలు ఏటా మారుతాయి కనుక సెమికోలన్ గారి హెచ్చరికను ప్రతి పేరు పక్కనా రాసుకోండి.

అమెజాన్ వారి ‘ఫ్యూచర్ ఇంజనీర్’ స్కాలర్‌షిప్ హైస్కూలు చివరి సంవత్సరం పిల్లలది. ఏటా 10,000 డాలర్ల చొప్పున నాలుగేళ్లకు 40,000 డాలర్లు ఇస్తారు. డబ్బుతో పాటు మొదటి సంవత్సరం తరువాత జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్ అవకాశం కూడా ఉంటుంది, నా దృష్టిలో అసలు విలువ దానిదే. హైస్కూలులో కంప్యూటర్ సైన్స్ కోర్సు చదివి ఉండటం, ఆర్థిక అవసరం, ఈ రెండూ చూస్తారు. మైక్రోసాఫ్ట్‌లో నల్లజాతి ఉద్యోగుల సంఘం ఒకటి 1989 నుంచి ఉంది, ఆ సంఘం పేరిట హైస్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి స్కాలర్‌షిప్ నడిచింది. గూగుల్ వారి ‘జనరేషన్ గూగుల్’ కాలేజీలో చేరినవారిది కాబట్టి దాన్ని వచ్చే ఏటికి గుర్తుపెట్టుకోండి.

అయితే కంపెనీ పేర్లతోనే వెతికితే సగం పథకాలు కంటపడవు. చాలా కంపెనీలు డబ్బిచ్చి, దరఖాస్తుల పనిని ఏళ్లుగా ఉన్న సంస్థలకు అప్పగిస్తాయి. నల్లజాతి కళాశాలల కోసం 1944లో పుట్టిన యూఎన్‌సీఎఫ్, 1975లో మొదలైన హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్, 1987 నాటి థర్‌గుడ్ మార్షల్ కాలేజ్ ఫండ్, ఆదివాసీ విద్యార్థుల కోసం 1977లో ఏర్పడిన ఐసెస్, ఇంజనీరింగు వైపు 1974 నుంచి పనిచేస్తున్న నాక్మే అలాంటివి. వీటిలో కొన్నింటిలో ఒకే దరఖాస్తు నింపితే చాలు, ఆ వివరాలతోనే అనేక కంపెనీల పథకాలకు పేరు పరిశీలనకు వెళుతుంది. స్పానిష్ మాట్లాడే అబ్బాయితో ముందుగా హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్ దరఖాస్తే నింపించండి, అక్కడ రాసిన సమాధానాలు మిగతా చోట్లకూ పనికివస్తాయి.

పాతకోడు

ఒక అసౌకర్యమైన ప్రశ్న అడుగుతున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ఇంటికి రెండు సాఫ్ట్‌వేర్ జీతాలు వస్తూ, ఆరో తరగతి నుంచే కోడింగు నేర్పించిన మన పిల్లలు ఈ పథకాలకు దరఖాస్తు చేయడం న్యాయమేనా? అమెరికా జనాభాలో మనం మైనారిటీ అన్నది నిజమే, కానీ ఈ దేశపు కంప్యూటర్ కంపెనీల్లో ఏ అంతస్తుకు వెళ్లినా మనవాళ్లు కనిపిస్తారు. ఈ స్కాలర్‌షిప్‌లు పుట్టిందే ఆ అంతస్తుల్లో కనిపించనివారి కోసం కదా?

ఉత్తరాయణం

పాతకోడు గారి ప్రశ్నలో సగం నిజం ఉంది. మిగతా సగం నా అనుభవంతో పూరిస్తాను. మా కంపెనీ పథకానికి నేను కొన్నేళ్లపాటు స్వచ్ఛందంగా దరఖాస్తులు చదివి మార్కులు వేశాను.

అక్కడ వాడిన మాట ఉత్త ‘మైనారిటీ’ కాదు, ‘కంప్యూటింగులో తగిన ప్రాతినిధ్యం లేనివారు’ అని. ఆ లెక్కలో నల్లజాతి, హిస్పానిక్, ఆదివాసీ విద్యార్థులు వచ్చేవారు, చాలా పథకాల్లో ఆడపిల్లలు, వైకల్యం ఉన్నవారు కూడా వచ్చేవారు. ఆసియన్ మగపిల్లలు సాధారణంగా వచ్చేవారు కాదు. కానీ ‘ఆసియన్’ అన్న ఒక్క గడిలో ఎన్ని రకాల జీవితాలు ఇరుక్కున్నాయో కూడా చూశాను. శరణార్థులుగా వచ్చి, ఇంట్లో ఎవరూ హైస్కూలు దాటని ఆసియన్ కుటుంబాలు ఉన్నాయి. 2003లో మొదలైన ఏపియా స్కాలర్స్ సంస్థ అలాంటి పేద, మొదటి తరం పిల్లల మీదనే దృష్టి పెడుతుంది. అంటే మన పిల్లలు దరఖాస్తు చేయవచ్చా అన్న ప్రశ్నకు జవాబు జాతి గడిలో కన్నా ఆదాయం గడిలోనే ఎక్కువగా ఉంటుంది. రెండు జీతాల ఇంటి నుంచి వచ్చిన బిడ్డ అవసరం ఆధారంగా ఇచ్చే పథకానికి పెడితే అది ఎలాగూ నిలవదు, మెరిట్ పథకాలు వేరే ఉన్నాయి.

ఇక వేపచెట్టు గారి మూడో ప్రశ్న, అంటే వ్యాసాల గురించి నాకు చెప్పవలసింది చాలా ఉంది. ఒక్కో దరఖాస్తుకు నాకు దొరికింది పది పదిహేను నిమిషాలు. వరుసగా ముప్పై వ్యాసాలు చదివిన సాయంత్రాలు ఉన్నాయి. వాటిలో ఇరవై, ‘చిన్ననాటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఆసక్తి’ అన్న వాక్యంతోనో దాని తోబుట్టువుతోనో మొదలయ్యేవి, ‘సాంకేతికతతో ప్రపంచాన్ని మారుస్తాను’ అని ముగిసేవి. రాసిన బిడ్డ ఎవరో, ఏమి చేసిందో ఆ రెండు వాక్యాల మధ్య ఎక్కడా దొరికేది కాదు.

ఒక వ్యాసం మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఆ అమ్మాయి తల్లి ఇళ్లు శుభ్రం చేసే పనికి వెళ్లేది. ఏ ఇంట్లో ఎన్ని గంటలు పనిచేసిందో, ఎంత రావాలో చీటీల మీద రాసుకుని తరచు పోగొట్టుకునేది. ఈ అమ్మాయి ఒక స్ప్రెడ్‌షీటు పెట్టి, దానికి చిన్న స్క్రిప్టు రాసింది. మొదటి నెల ఆ స్క్రిప్టు ఒక రోజు గంటల్ని రెండుసార్లు కలిపేసిందని, ఆ తప్పును కోడు చూడకుండానే పట్టుకున్నది తన తల్లేనని, అప్పటి నుంచి ఏ ప్రోగ్రాము రాసినా వాడబోయేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని పరీక్షించడం అలవాటైందని రాసింది. పేదరికం గురించి ప్రత్యేకంగా ఒక్క వాక్యం లేదు, జాలి కోరే మాట అంతకన్నా లేదు, అయినా ఆ ఇల్లు నా కళ్లముందు నిలిచింది. ఆ స్క్రిప్టు సాంకేతికంగా గొప్పది కాదు, నలభై వరుసలు కూడా ఉండి ఉండదు. పూర్తి మార్కులు వేశాను.

కనుక మీ పిల్లల్ని ‘నీ కష్టాల గురించి రాయి’ అని అడగకండి. నల్లజాతి, హిస్పానిక్ పిల్లల చేత ప్రతిచోటా వాళ్ల బాధే అమ్మించే పద్ధతి ఒకటి ఈ వ్యవహారంలో పెరిగింది, నాకది నచ్చదు. ‘నువ్వు చేసిన పనిలో ఏది చెడిపోయింది, ఎలా బాగుచేశావు?’ అని అడగండి. వాళ్లు నోటితో చెబుతుంటే మీరు గబగబా రాసుకుని, ఆ కాగితం వాళ్లకే ఇచ్చేయండి. వాక్యాలు మాత్రం మీరు కట్టకండి. పదిహేడేళ్ల బిడ్డ గొంతులో నలభై ఏళ్ల ఇంజనీరు మాట దూరితే చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

వేపచెట్టు

ఉత్తరాయణం గారూ, మీ మాట కొంచెం గుచ్చుకుంది, ఎందుకంటే నిన్న రాత్రే ఆ నల్లజాతి అమ్మాయి వ్యాసంలో రెండు పేరాలు నేను ‘దిద్ది’ పంపాను. ఇప్పుడు తీసి చదివితే అవి నా ఆఫీసు ఉత్తరాల్లాగే ఉన్నాయి. వెనక్కి తీసుకుంటాను.

మా అక్క కూతురి సంగతి ఎవరైనా చెప్పగలరా?

గోదారి గట్టు

మా అమ్మాయి కూడా హెచ్-4 మీదే హైస్కూలు ముగించింది, అందుకని ఈ దారిలో ముళ్లన్నీ నాకు తెలుసు. కేంద్ర ప్రభుత్వ సహాయానికి నింపే ఫాఫ్సా దరఖాస్తు ద్వారా హెచ్-4 పిల్లలకు ఏమీ రాదు, పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, మరికొన్ని తరగతులవారికే అది వర్తిస్తుంది. కంపెనీల పథకాల్లో చాలావరకు పౌరసత్వం, గ్రీన్‌కార్డు, లేదా డాకా (చిన్నప్పుడు పత్రాలు లేకుండా ఈ దేశానికి వచ్చినవారికి ఇచ్చిన తాత్కాలిక రక్షణ) అడుగుతాయి. చట్టబద్ధమైన వీసా మీద పదేళ్లుగా ఇక్కడ పెరిగిన బిడ్డకు ఆ మూడింటిలో టిక్కు పెట్టడానికి గడి ఉండదు. ఇంటర్న్‌షిప్ ముడిపడిన పథకాలైతే మరీ కష్టం, ఎందుకంటే హెచ్-4 మీద పని అనుమతి కొందరు జీవితభాగస్వాములకే తప్ప పిల్లలకు లేదు. పని అనుమతి లేనందువల్ల సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఉండదు, కొన్ని దరఖాస్తులు ఆ గడి దగ్గరే ఆగిపోతాయి.

మాకు పనికివచ్చినవి రెండు. కొన్ని ప్రైవేటు కాలేజీలు కాలేజ్ బోర్డు వారి సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఆర్థిక వివరాల దరఖాస్తు ద్వారా, పౌరులు కానివారికి కూడా తమ సొంత నిధుల నుంచి సహాయం ఇస్తాయి. రెండవది, చాలా రాష్ట్రాల్లో హెచ్-4 పిల్లలకు స్థానిక ఫీజు, అంటే ఆ రాష్ట్రవాసులకు ఉండే తక్కువ ఫీజు, వర్తిస్తుంది. బయటి స్కాలర్‌షిప్ 5,000 డాలర్ల కోసం నెలలు వెచ్చించే బదులు, స్థానిక ఫీజుకు కావలసిన నివాస పత్రాలు ముందుగా సరిచూసుకోవడం మాకు ఎన్నో రెట్లు లాభించింది. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారాలి. మారిన తరువాత స్థానిక ఫీజు నిలుస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఆ ప్రశ్నను కాలేజీని ఇప్పుడే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

బైనరీ బాబాయి

వచ్చిన డబ్బు చేతిలో నిలవడం గురించి కూడా చెప్పాలి. మా అబ్బాయికి ఒక కంపెనీ 5,000 డాలర్లు ఇచ్చింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నెల తిరగకుండానే కాలేజీ నుంచి సవరించిన సహాయపత్రం వచ్చింది, అందులో కాలేజీ ఇస్తానన్న గ్రాంటు సరిగ్గా 5,000 తగ్గింది. కంపెనీ ఇచ్చింది మా అబ్బాయికి కాదు, కాలేజీకి అన్నమాట! కాలేజీ పేరు చెప్పను, ఇది చాలాచోట్ల జరిగేదే.

మొత్తం సహాయం, కాలేజీ లెక్కగట్టిన చదువు ఖర్చునూ విద్యార్థి అవసరాన్నీ మించితే కోత పెడతారు. అయితే ముందు దేన్ని కోయాలన్నది చాలావరకు కాలేజీ విధానం. ‘బయటి స్కాలర్‌షిప్ వస్తే మొదట రుణాన్ని, క్యాంపస్ పని కింద చూపిన మొత్తాన్ని తగ్గిస్తారా, లేక గ్రాంటునే తగ్గిస్తారా?’ అని సీటు ఒప్పుకోక ముందే ఆర్థిక సహాయ కార్యాలయాన్ని ఈమెయిలులో అడగండి. ప్రభుత్వ కాలేజీల్లో ఇలాంటి కోతకు 2017లో మొదట మేరీల్యాండ్ రాష్ట్రం చట్టంతో కళ్లెం వేసింది, తరువాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మేము చివరికి కంపెనీవారిని బతిమాలి, సొమ్ములో సగం మరుసటి సంవత్సరానికి జరిపించుకున్నాం. అడిగితే కొందరు ఒప్పుకుంటారు.

పన్ను సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకు కావలసిన పుస్తకాలు, పరికరాల మేరకు వాడిన స్కాలర్‌షిప్ మీద ఆదాయపు పన్ను ఉండదు. గది అద్దెకు, భోజనానికి వాడిన భాగం ఆదాయం కింద లెక్కకు వస్తుంది. రసీదులు దాచుకోమనండి.

సెమికోలన్

ఎవరైనా ‘దరఖాస్తు రుసుము’ అనో ‘మీకు స్కాలర్‌షిప్ ఖాయం’ అనో అంటే అక్కడితో ఆ సంభాషణ ముగించండి. నిజమైన పథకం డబ్బిస్తుందే తప్ప అడగదు. ముందుగానే బ్యాంకు ఖాతా వివరాలు అడిగినా అంతే.

పాతకోడు

నా ప్రశ్నకు ఉత్తరాయణం గారి జవాబు సబబుగా ఉంది, ఒప్పుకుంటున్నాను. దానికి ఒకటి జోడిస్తాను. ఈ పిల్లలు కాలేజీలో చేరగానే ఈ దారి ముగిసిపోదు. 1975లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పుట్టిన నల్లజాతి ఇంజనీర్ల సంఘం నెస్బీకి, అంతకు ఏడాది ముందు లాస్ ఏంజెలెస్‌లో మొదలైన హిస్పానిక్ ఇంజనీర్ల సంఘం ష్పేకి చాలా కాలేజీల్లో విద్యార్థి శాఖలున్నాయి. గణిత శాస్త్రవేత్త రిచర్డ్ టాపియా పేరిట 2001 నుంచి జరుగుతున్న కంప్యూటింగు సదస్సుకు వెళ్లడానికి విద్యార్థులకు ప్రయాణ ఖర్చులు కూడా ఇస్తుంటారు. కంపెనీల మనుషులు నేరుగా అక్కడికే వస్తారు. నేను కలిసి పనిచేసిన ఒక నల్లజాతి సహోద్యోగి తొలి ఉద్యోగం అలాంటి సదస్సులోనే దొరికింది. పైచదువులకు వెళ్లేవారికి 1976 నుంచి ఉన్న జెమ్ ఫెలోషిప్ ఉంది, కంపెనీ ఇంటర్న్‌షిప్‌ను, ట్యూషన్‌ను అది ఒక్కచోట కలుపుతుంది. హైస్కూలు స్కాలర్‌షిప్ ఒకటి చేజారినంత మాత్రాన పిల్లలు డీలా పడనక్కరలేదు.

వేపచెట్టు

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను. ఈ ఉదయం ఆ నల్లజాతి అమ్మాయిని కూర్చోబెట్టి, ‘నీ ప్రోగ్రాముల్లో ఏది చెడిపోయింది?’ అని అడిగాను. ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పింది. చర్చిలో పాటల వరుస తెర మీద చూపించడానికి ఒక చిన్న ప్రోగ్రాము రాసిందట, ఆదివారం అందరి ముందూ అది ఆగిపోతే వాళ్ల తాతగారు పాట ఆపకుండా జ్ఞాపకం మీదే అందరిచేత పాడించారట. తరువాతి వారం ఇంటర్నెట్ లేకపోయినా నడిచేలా తిరగరాసిందట. నా దగ్గర మూడు నెలలుగా చదువుకుంటున్న పిల్ల ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ అబ్బాయి హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్ దరఖాస్తు మొదలుపెట్టాడు. మా అక్కకు నివాస పత్రాల పని అప్పగించాను.

ఒక చివరి సందేహం. ఈ పథకాల్లో ఒకదానికి టీచరు సిఫార్సు లేఖ కావాలి. స్వచ్ఛందంగా బోధిస్తున్న నేను రాయవచ్చా?

ఉత్తరాయణం

నిబంధనల్లో ‘టీచరు’ అని ఉంటే అసలు టీచరుగారి చేత రాయించండి, ఆ చర్చి ప్రోగ్రాము సంగతి ఆవిడకు ముందుగా చెప్పండి. ‘ఆమెను ఎరిగిన పెద్దలు’ అని ఉంటే మీరే రాయండి. అప్పుడు కూడా మీ కంపెనీ ఈమెయిలు కాకుండా స్కూలు ఇచ్చిన ఈమెయిలు వాడండి, లేకపోతే లేఖ కంపెనీ తరఫున వచ్చిందనుకునే ప్రమాదం ఉంది. సిఫార్సు లేఖకు గడువు ఒక్కోచోట విద్యార్థి గడువు కన్నా ముందే ఉంటుంది, అది ఈ రోజే చూడండి.